తల అడ్డంగా ఊపిన స్టేజీ

డేవిడ్, మెర్సీల రిసెప్షన్ నాడు యాదగిరి ఫంక్షన్ హాలు స్టేజీ నలుగురిలో తల అడ్డంగా ఊపింది.

నార్కట్‌పల్లి హైవే మీద అప్పటికే పదకొండు ఫంక్షన్ హాళ్లున్నాయి. ఒకదాంట్లో తొండంతో నీళ్లు చిమ్మే సిమెంటు ఏనుగులు, ఇంకొకదాంట్లో పొగలోంచి పుట్టుకొచ్చే పెండ్లిపిల్ల. యాదగిరి హాలులో పార్కింగు జాగా తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. అందుకని ఆయన తిరిగే స్టేజీ కట్టించాడు. పన్నెండడుగుల గుండ్రటి ఇనుప పళ్లెం, దాని మీద చెక్క, చెక్క మీద ఎర్ర తివాచీ, నడిమికి అడ్డంగా పువ్వుల గోడ. గోడ వెనక జంటనూ చుట్టాలనూ నిలబెట్టి మీట నొక్కితే పళ్లెం సగం చుట్టు తిరిగి అందరినీ జనం ముందుకు తెచ్చి ఆగాలి. ఆగడమే అసలు సంగతి. తిరగడానికేముంది, పని లేనివాడు ఊరంతా తిరుగుతాడు.

దాన్ని కట్టింది స్వర్ణ. హాలు ప్రహరీకి ఆనుకొని ఉన్న మడిగెలో మోటర్ల వైండింగ్ షాపు ఆమెది. నల్లగొండలో డిప్లొమా చదివి, ఒక మందుల కంపెనీలో మూడేండ్లు మిషన్లు చూసుకొని, ఆ కంపెనీ మూతబడ్డాక వచ్చి తండ్రి పక్కన స్టూలేసుకొని కూర్చుంది. తండ్రి ఇస్రాయేలు ముప్పై ఏండ్లుగా కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ చుడుతూ బతికినవాడు. మడిగె జాగా యాదగిరిది. కిరాయికి కాగితం లేదు, నోటిమాటే. కాగితం రాయించుకుందామని ఇస్రాయేలు ఒక స్టాంపు పేపరు మీద అంతా టైపు కొట్టించి బైబిలులో మడిచి పెట్టుకొని రెండేండ్లు దాటింది. అడిగినప్పుడల్లా యాదగిరి "రేపు చూద్దాం తియ్" అనేవాడు. ఆ రేపు ఇంకా నార్కట్‌పల్లి దాకా రాలేదు.

మందుల కంపెనీ సామాను తుక్కుకు పోతున్నప్పుడు స్వర్ణ అందులోంచి ఒక సర్వో మోటారు తెచ్చుకుంది. చూడటానికి సొరకాయంత. గుణం మాత్రం గొప్పది: ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది, దాటిపోతే తప్పు తానే తెలుసుకొని వెనక్కి వచ్చి సరిచేసుకుంటుంది. మనుషుల్లో అరుదు. మోటారు నలభై చుట్లు తిరిగితే స్టేజీ ఒక చుట్టు తిరిగేలా గేరుబాక్సు పెట్టి, ఇరుసుకు బిగించింది. ముప్పై సిమెంటు బస్తాలు వేసి పరీక్ష చేశారు. బస్తాలు పేర్పించింది ఇస్రాయేలు. ట్రాక్టరు ట్రాలీకి వేసినట్టు బరువంతా నడుమకు, ఒకదాని మీద ఒకటి, గోపురంలా. స్టేజీ కొత్తకోడలిలా నెమ్మదిగా తిరిగి గీత మీద ఆగింది. యాదగిరి చప్పట్లు కొట్టాడు.

వారం తిరక్కుండానే పానగల్ నుంచి డేవిడ్ పెండ్లివారు వచ్చారు. జంట సోఫాలో కూర్చున్నది, ముందు మూడంతస్తుల కేకు. ఫొటోలో పడాలి కదా అని మేనత్తలు, మేనమామలు, వాళ్ల పిల్లలు పళ్లెం అంచు పొడుగునా బారుగా నిలబడ్డారు. మైకులో పాస్టరుగారు, "ఈ జంటను ప్రభువే జతపరిచాడని మీరందరూ ఒప్పుకుంటున్నారా?" అని అడుగుతుండగా స్టేజీ తిరిగింది.

తిరిగి, గీత దాటి మూరెడు ముందుకు పోయింది. తప్పు తెలుసుకొని వెనక్కి వచ్చింది. ఆ ఊపులో వెనక్కి మూరెడు ఎక్కువ వచ్చింది. మళ్లీ ముందుకు. మళ్లీ వెనక్కు. జంటతో సహా మొత్తం చుట్టరికం కాదు, కాదు, కాదు అని తల అడ్డంగా ఊపుతున్నట్టు ఊగింది. సంఘమంతా ఆమెన్ అన్నది, స్టేజీ ఒక్కటే ఒప్పుకోలేదు. పై అంతస్తు కేకు జారి పెద్ద మేనత్త కొంగులో పడింది. ఆమె దాన్ని వదలకుండా పట్టుకొని, స్టేజీ ఆగినాక దిగి, తిన్నగా భోజనాల వైపు నడిచింది.

సాయంత్రానికి ఆ వీడియో చిట్యాల నుంచి నకిరేకల్ దాకా ప్రతి ఫోనులో ఊగుతోంది. ఎవరో దానికి, పూనకమొచ్చి ఊగే శివసత్తుల డప్పు కలిపారు.

మర్నాడు పొద్దున్నే యాదగిరి తెల్ల చొక్కా గుండీలు కూడా పూర్తిగా పెట్టుకోకుండా మడిగె ముందుకు వచ్చాడు. వెనకే ట్రాలీ ఆటోలో పెద్ద చెక్క డబ్బా.

"ఏం స్వర్ణా, స్టేజి కట్టమన్ననా, పూనకం తెప్పియ్యమన్ననా?"

"తప్పు నాదే అన్నా. జర టైమియ్యి, చూస్త."

"చూసుడు లేదు గీసుడు లేదు. సొరకాయంత మోటరు పెడితే ఊగక ఏం జేస్తది? గిదిగో, పది హార్సుల మోటరు దెచ్చిన. పెట్టు. వచ్చే ఆదివారం మా బిడ్డ మనీష రిసెప్షను. పార్టీ నాయకుడు వస్తాండు. ఆ రోజు స్టేజి ఇంచు ఊగినా సోమవారం పొద్దుగాల మడిగె ఖాళీ చెయ్. టీ షాపుకు అడుగుతాండ్రు ఎప్పటికెళ్లో."

"పటేలా, గట్లనకు..." అని ఇస్రాయేలు చేతులు కట్టుకోబోయాడు.

"బాపు, చేతులు దించు" అంది స్వర్ణ. తర్వాత యాదగిరితో, "ఆదివారం ఊగదు" అంది.

డబ్బా దింపి ఆటో పోయింది. ఇస్రాయేలు దాని మీద కూర్చొని చాయ్ చెప్పాడు.

"పటేలు చెప్పింది నిజమే బిడ్డా. నీళ్లు అందకపోతే హార్సులు పెంచాలె. ముప్పై ఏండ్లసంది చూస్తలేనా? మూడు పోయి అయిదు, అయిదు పోయి ఏడున్నర."

"పెంచినోళ్ల బోర్లల్ల నీళ్లున్నయా?"

"నీళ్లు లేవు గనీ మోటర్లు కాలినయ్. మనం బతికినం."

ఆ మాటకు స్వర్ణ నవ్వకుండా ఉండలేకపోయింది. తండ్రిని లేపుకొని హాలులోకి నడిచింది. మోటారు విప్పదీసి, ఖాళీ స్టేజీని చేత్తో నెట్టింది. కదిలింది. ఇస్రాయేలును నడుమ నిలబెట్టి నెట్టింది. దాదాపు అట్లాగే కదిలింది. "ఇప్పుడు అంచుకు పో" అన్నది. ఆయన అంచు మీద నిలబడ్డాడు. ఈసారి కదిలించడానికి భుజం ఆనించాల్సి వచ్చింది. కదిలినాక ఆపబోతే స్టేజీ ఆమెనే రెండడుగులు ఈడ్చుకుపోయింది.

స్వర్ణ తివాచీ మీద చతికిలబడింది. బరువు ఎంతో లెక్క కట్టింది గాని, బరువు ఎక్కడ నిలబడుతుందో లెక్క కట్టలేదు. సిమెంటు బస్తా ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. మేనత్త ఫొటో ఎక్కడ పడితే అక్కడికి పోతుంది.

జేబులోని చిన్న పుస్తకం తీసి మళ్లీ లెక్క వేసింది. అంచు మీద పన్నెండు మంది నిలబడితే, గేరు గుండా చూసినా మోటారుకు ఆ బరువు తన కడుపులో తిరిగే ఇనుప గుండు కంటే మూడు వందల రెట్లు బరువుగా ఆనుతున్నది. కోడెదూడ తోక పట్టుకొని దాన్ని ఆపబోయినవాడు అది ఎటు ఈడిస్తే అటు పోయినట్టు, అప్పుడు ఎవరు ఎవరిని తిప్పుతున్నారో తెలియని స్థితి.

"పది హార్సులు పెడితే బాధ వోతది గదా?" అన్నాడు ఇస్రాయేలు.

"ఇంత మందిని నేరుగా ఆపాలంటే దాన్ని గూడ స్టేజి ఈడ్చుకపోతది. పైగా దానికి ఎక్కడ ఆగాల్నో తెల్వదు. బోరు మోటరు బోరు మోటరే. మోటరు గాదు బాపు, గేరు మార్చాలె. ఇంకో అయిదింతలు దించాలె. అప్పుడు గీ మంది బరువు ఇరవై అయిదింతలు తేలికైతది."

"ఆగాగు. ట్రాక్టరు దమ్ముల దిగితే గేరు దించుతరు, బలం వస్తది, నాకూ ఎరికే. అయిదింతల గేరుకు అయిదింతల బలం. నువ్వు ఇరవై అయిదంటున్నవ్. మిగిలిన ఇరవై యాడికెళ్లి వస్తయ్, మీ అమ్మగారింటికెళ్లా?"

"గేరు రెండు దిక్కుల సాయం జేస్తది. ఒకటి, మోటరు బలాన్ని అయిదింతలు జేస్తది. రెండోది, మోటరు అందుకునే జోరుల అయిదో వంతే స్టేజి అందుకుంటే సాలు. బలం అయిదింతలాయె, పని అయిదో వంతాయె. అయిదైదుల?"

ఇస్రాయేలు వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇరవై అయిదు" అన్నాడు ఒప్పుకోలు లేకుండా. కొంచెం ఆలోచించి, "గట్లయితే నూరింతలు దించు. పదివేలంతలు తేలిక. నేను ఉఫ్ అని ఊదితే తిరుగుతది."

"అప్పుడు మోటరు తన కడుపుల గుండును తిప్పుకునేటందుకే ఆయాసపడతది. ఎంత ఉరికినా స్టేజి జరగది. సగం చుట్టు తిరిగేటాళ్లకు పెండ్లిపిల్లకు పిల్లలు పుడతరు."

"మరి ఎంతుండాలె?"

"లోపలి గుండు, బయటి బరువు, రెండు సరిసమానంగ ఆనితే పక్కా జోడి. మనకు గంత కుదరది. మూడు వందలున్నది పన్నెండుకు దిగుతది. పన్నెండింతల తేడా అయితే సర్దుకపోతయ్."

"మీ అమ్మా నేనూ గంతకంటె ఎక్కువ తేడాతోనే సర్దుకపోయినం" అన్నాడు ఇస్రాయేలు. అప్పటికి ఒప్పుకున్నట్టే.

"నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే మోటరును నూటయాభై దగ్గర తొక్కిపట్టినం బాపు. రేసు గుర్రాన్ని దెచ్చి బరాతుల నడిపిచ్చినట్టు. గేరు పెడితే అది దాని జోరుల అది ఉరుకుతది, స్టేజి దాని నడక అది నడుస్తది."

అయిదింతల గేరంటే పెద్ద పండ్ల చక్రం ఒకటి కావాలి, అదీ పన్నెండడుగుల పళ్లెం కింద పట్టేంత. కొత్తది చేయించాలంటే నెల పడుతుంది. చేతిలో ఆరు రోజులున్నాయి. స్వర్ణ రోజంతా తిరిగి, ఆఖరుకు స్లాబుల గుత్తేదారు గుర్వయ్య ఇంటి వెనక ముండ్లకంపలో తనకు కావాల్సినదాన్ని చూసింది. కాంక్రీటు కలిపే పాత మిల్లరు, డ్రమ్ము తూట్లు పడి, అందులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. డ్రమ్ము చుట్టూ డెబ్బై పండ్ల చక్రం. దాన్ని తిప్పేది పద్నాలుగు పండ్ల చిన్న చక్రం.

"గుర్వయ్య మామా, నీ మిల్లరు పండ్లు కావాలె."

"అది సచ్చి మూడేండ్లాయె. ఏం జేస్తవ్?"

"యాదగిరన్న బిడ్డ పెండ్లిల స్టేజి కింద పెడత."

గుర్వయ్య నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. యాదగిరి తన సొంతింటి స్లాబు హైదరాబాదు వాళ్లతో వేయించుకున్నాడన్న కోపం ఆయన కడుపులో అప్పటికీ ఆరలేదు. "నా మిల్లరు మీదనా వాళ్ల సుట్టాలంత నిలవడేది?" అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకొని, "తీసుకపో బిడ్డా. ఇగ నువ్వు వద్దన్నా ఇస్త" అన్నాడు.

చక్రానికి పట్టిన సిమెంటు సుత్తెతో కొడితే సగమే రాలింది. మూడు రోజులు పట్టింది బిగించడానికి. పోత ఇనుము పండ్ల మధ్య సందు ఎక్కువ, ఆగినప్పుడు టకటకమని కొట్టుకుంటుంది. అందుకని స్వర్ణ పాత లారీ టైరు ముక్క కోసి, పళ్లెం అంచుకు కొంచెం ఒరుసుకునేలా స్ప్రింగుతో ఆనించింది. టకటక ఆగింది. పది హార్సుల డబ్బా మాత్రం మడిగెలో మేకు కూడా ఊడకుండా ఉంది. ఇస్రాయేలు దాని మీద దుప్పటి పరిచాడు. వైండింగ్ స్టూలు కంటే ఎత్తు బాగుందన్నాడు.

గురువారం మధ్యాహ్నం గుర్వయ్య స్లాబు మేస్త్రీలను, కూలీలను అన్నాల విరామంలో పట్టుకొచ్చారు. ఈసారి బస్తాలు కాదు, మనుషులు. పన్నెండు మందిని అంచున వరుసగా నిలబెట్టి, సోఫాలో పెండ్లికొడుకుగా ఇస్రాయేలును, పక్కన పెండ్లిపిల్లగా సైదమ్మ అనే కూలామెను కూర్చోబెట్టింది స్వర్ణ.

"ఓ స్వర్ణా, గీ ముసలి మొగనికి నన్నెందుకిచ్చినవే? పండ్లన్నీ ఊడినయ్!" అని అరిచింది సైదమ్మ.

"ఊడినా పర్వాలేదు, కింద డెబ్బై పండ్లున్నయ్" అన్నాడు గుర్వయ్య.

స్వర్ణ మీట నొక్కింది. చిన్న మోటారు పిల్లిలా మూలుగుతూ జోరందుకుంది. స్టేజీ నెమ్మదిగా కదిలి, సగం చుట్టు తిరిగి, గీత దగ్గరికి వస్తూ మెత్తబడి, ఆగింది. ఎవరి కొంగూ కదల్లేదు. కూలీలు మళ్లీ తిప్పమన్నారు. అయిదుసార్లు తిప్పింది. ఆరోసారి ఆరుగురు అదనంగా ఎక్కారు. గీత మీద చిటికెడు ఊగి, సర్దుకొని ఆగింది. పద్దెనిమిది దాకా పర్వాలేదు, ఆ పైన తన పూచీ లేదని స్వర్ణ పుస్తకంలో రాసుకొని కింద రెండు గీతలు గీసింది.

ఆదివారం వచ్చింది. మనీష, రాకేష్ సోఫాలో కూర్చున్నారు. మనీష పువ్వుల గోడ సందులోంచి తొంగిచూసి, "అక్కా, ఊగితే నేను దుంకి దిగిపోత, ముందే చెప్తున్న" అన్నది.

"నువ్వు కూసో చెల్లే. పద్దెనిమిది మంది కంటె ఎక్కువ ఎక్కనియ్యకు."

ఆ మాట పూర్తికాకముందే నాయకుడు వచ్చాడు. నాయకుడితో నాయకుడి మనుషులు వచ్చారు. యాదగిరి అందరినీ చేతులు పట్టి స్టేజీ మీదికి లాగుతున్నాడు. "రాండ్రి, పది హార్సులు! ఊరంత ఎక్కినా తిప్పుతది!" స్వర్ణ మీట దగ్గర నిలబడి లెక్కపెట్టింది. ఇరవై. ఇరవై మూడు. ఇరవై ఆరు. అందరూ ఒకరిని మించి ఒకరు, పొట్టలు ముందుండి నడిపించేవాళ్లే. అందరూ అంచున.

"తిప్పు స్వర్ణా!" యాదగిరి అరుపు.

దిగమంటే దిగరు. దిగమన్నవాడి సంగతి చూస్తారు. స్వర్ణకు గోడవతల మడిగె కళ్లలో మెదిలింది, రేకు మీద తన తండ్రి చేత్తో రాసిన పేరు కనిపించింది. పక్కనే ఫొటోలు తీసే, మైకులో జనాన్ని సర్దే కృష్ణకాంత్ నిలబడి ఉన్నాడు. ఆమె అతని చేతిలోని మైకు గుంజుకుంది.

"నాయకుడు గారు నడుమకు రావాలె, పెండ్లిపిల్ల పక్కకు. పెద్దమనుషులంత నడుమకు. సోఫాకు ఎంత దగ్గరుంటే ఫొటోల గంత పెద్దగ పడతరు. పిల్లగాండ్లు, కొత్తగ పార్టీల చేరినోళ్లు అంచుకు!"

కొత్తగా చేరినవాళ్లమని ఎవరు ఒప్పుకుంటారు? ఇరవై ఆరు మందిలో ఇరవై మంది ఒక్క అడుగులో సోఫా మీద పడ్డారు. ఒకరి మోచేయి ఒకరి పక్కటెముకల్లో గుచ్చుకుంది. బరువు ఎంత ఉన్నవాడు అంత నడుమకు దూరాడు, సన్నటివాళ్లను అంచుకు నెట్టాడు. ముప్పై బస్తాల గోపురం తిరిగి లేచింది, ఈసారి ఖద్దరు బట్టల్లో. రాకేష్ ముక్కు ఎవరి చంకలోనో ఉంది.

స్వర్ణ మీట నొక్కింది.

స్టేజీ తిరిగింది. సగం చుట్టుకు పది సెకన్లు. జనం ముందుకు వచ్చి, మెత్తబడి, గీత మీద ఆగింది. బల్ల మీద కేకు మీది చెర్రీపండు కూడా కదల్లేదు. హాలంతా ఈలలు. ఇస్రాయేలు కళ్లు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు.

భోజనాలయ్యాక నాయకుడు పండ్లు కుట్టుకుంటూ, "ఏం మోటరు పెట్టినవయ్యా యాదగిరీ?" అన్నాడు.

"పది హార్సులన్నా! సూద్దువు రా."

యాదగిరి స్టేజీ పక్క తలుపు తీశాడు. లోపల సొరకాయంత మోటారు. దాని పక్కన, సిమెంటు సగం రాలీ రాలని మిల్లరు చక్రం. స్వర్ణ అక్కడే నిలబడి ఉంది. యాదగిరి తలుపు మళ్లీ మూయబోయాడు.

కోడికాలు చేతిలో పట్టుకొని వెనకే వచ్చిన గుర్వయ్య ఆ క్షణం కోసమే పుట్టినట్టు అరిచాడు. "అవి నా మిల్లరు పండ్లే! మొన్నటిదాక కోళ్లు గుడ్లు పెట్టినయ్ అండ్ల!"

"మిల్లరు మీదనా నన్ను నిలవెట్టినవ్?" అన్నాడు నాయకుడు మెల్లగా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాలో వద్దో ఆయన మొహం చూసి తేల్చుకుందామని ఆగారు. యాదగిరి స్వర్ణ వైపు చూశాడు. ఆ చూపులో సోమవారం పొద్దున ఉంది.

"యాదగిరన్న ఐడియానే సార్" అంది స్వర్ణ. "నేను పది హార్సుల మోటరు పెడదామన్న. అన్ననే వద్దన్నడు. కరెంటు దండుగ, మోటరు పెంచుడు గాదు తెలివి, గేరు దించుడు తెలివి అన్నడు. ఊళ్లె సామానే వాడుమన్నడు. పది హార్సుల డబ్బా మా మడిగెల మేకు ఊడకుండ ఉన్నది, మా బాపు కూసుంటాండు."

నాయకుడు యాదగిరి వైపు తిరిగాడు. యాదగిరి మిల్లరు చక్రం మీద చెయ్యి వేశాడు. "అంటే... అవునన్నా. నేనే చెప్పిన. మన ఊరి సామానుల లేనిదేమున్నది?"

"శభాష్. గిదీ తెలివంటే."

ఇక చప్పట్లు. చప్పట్లు ఆరకముందే స్వర్ణ గొంతు సవరించుకుంది.

"ఇంకోటి గూడ అన్నడు సార్. ఇసొంటి స్టేజిని చూసుకునేటోళ్లు పక్కనే ఉండాలె, మడిగెకు పదేండ్ల కిరాయి కాగితం నాయకుడు గారి చేతుల మీదుగనే ఇస్త అన్నడు."

ఎవరికైనా ఏదైనా అందించే ఫొటో అంటే నాయకుడికి ప్రాణం. "ఇయ్యాలె, ఇయ్యాలె! కాగితమేది?" అంటూ జేబులోంచి పెన్ను తీశాడు. కృష్ణకాంత్ కెమెరా ఎత్తాడు.

ఇస్రాయేలు అప్పటికే చంకలో పెట్టుకొచ్చిన బైబిలు తెరిచాడు. రెండేండ్ల మడతలు చేత్తో సాపు చేసి, స్టాంపు పేపరు ముందు పెట్టాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు.

"చెప్పినవు గదయ్యా యాదగిరీ?" అన్నాడు నాయకుడు.

యాదగిరి కాగితం వైపు చూశాడు, మిల్లరు చక్రం వైపు చూశాడు, తన వైపే చూస్తున్న నలభై మొహాల వైపు చూశాడు. తర్వాత తల ఊపాడు, నిలువుగా. ఒక్కసారే కిందికి పోయి, ఆగాల్సిన చోట ఆగింది. మళ్లీ కొట్టుకోలేదు.